నేను మూడుసార్లు ‘హో’ అన్నాను

హెర్నె,
ఆదివారం, 18 ఏప్రిల్ 1971

చిరంజీవి డెట్లెఫ్‌కు నాన్న దీవించి రాయునది. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నా ఎడమ మోకాలు మాత్రం మెట్లు కనబడితే చాలు మొరాయిస్తోంది. అమ్మకు జలుబు తగ్గింది. అక్కడ కీల్‌లో నువ్వూ, కాబోయే కోడలు వీబ్కె, ఆమె తరఫువాళ్లూ అందరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారమే అందింది. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. ఐదు రోజులుగా కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వడిగినవన్నీ ముందు చెప్పేస్తాను. నల్ల సూటు పడుతోంది, నడుము దగ్గర మీ అమ్మ కాస్త వదులు చేసింది. షాపు ఫరవాలేదు. కొత్త సైకిలు కొనేవాడు లేడు, అందరికీ కార్లే కావాలి, పంక్చర్లతోనూ బ్రేకులతోనూ రోజు గడిచిపోతోంది. తోటలో బంగాళాదుంపలు పెట్టాను. పెళ్లి ముందురోజు శుభానికని మీ గుమ్మం ముందు పగలగొట్టడానికి మీ అమ్మ బీటలు వారిన పళ్లేలన్నీ పోగుచేస్తోంది. వీధిలో ప్రతి ఇల్లాలూ తలా ఒకటి తెచ్చి ఇస్తోంది. ఎదురింటి ఫ్రౌ లుబింస్కి అయితే సూప్ గిన్నె పట్టుకొచ్చి, “ఇది మా అత్తగారిది. బాగా గట్టిగా విసరమని చెప్పండి అబ్బాయికి” అంది. కీల్ దాకా ఆ మూట మోసేది ఎవరో నీకు తెలుసు కదా.

ఇక వీబ్కె అడిగిన ప్రశ్న. మోటారు వెనక నక్కి సైకిలు తొక్కడం కూడా ఒక పందెమేనా, అది మోసం కాదా అని అడిగిందన్నావు. చదివి నవ్వుకున్నాను. పడవలవాళ్ల పిల్ల, ఆమెకేం తెలుసు పాపం. ఆమెకు ఇలా చెప్పు. సిమెంటు గిన్నెలాంటి ట్రాకు. ముందు ఒక పెద్ద మోటారు సైకిలు. దాని మీద తోలు బట్టలు వేసుకున్న మనిషి నిటారుగా నిలబడి గాలిని చీలుస్తూ పోతాడు. అతన్ని పేసర్ అంటారు. మోటారు వెనక ఒక రోలర్ ఉంటుంది. దానికి జానెడు దూరంలో ముందు చక్రం పెట్టి సైకిలువాడు తొక్కుతూ ఉండాలి, గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో, వంద కిలోమీటర్లు. రోలర్ నుంచి నాలుగు జానలు వెనకబడ్డావా, గాలి గోడలా వచ్చి కొడుతుంది, ఇక అంతే. పేసర్ వెనక్కి తిరిగి చూడకూడదు. వెనకవాడికి అతని వీపు తప్ప ఏమీ కనబడదు. ఇద్దరి మధ్యా రెండే మాటలు నడుస్తాయి. ‘అలే’ అంటే ఇంకా వేగం. ‘హో’ అంటే తగ్గించు. వెనకవాడు ఏది అరిస్తే పేసర్ అది చేస్తాడు. ఎందుకని అడగడు. అడిగితే ఆ పనికి పనికిరాడు.

నా వీపు, అంటే నాకు పద్దెనిమిది వేల కిలోమీటర్లు కనబడిన వీపు, మీ పెదనాన్న గిస్బెర్ట్‌ది.

పెళ్లి విందులో సరదాకి పంచే పత్రికకు నా పేజీ పంపమన్నావు. వీబ్కె అన్న హారో అచ్చు వేయిస్తున్నాడనీ, అతిథులందరికీ బల్లల మీద పంచుతారనీ, ‘నాన్న రేసుల రోజులు’ అని ఒక పేజీ కావాలనీ రాశావు. అందులో పెదనాన్న జాతీయ పోటీని ఎలా అమ్ముకున్నాడో నేనే రాయాలట, హారో దానికి బొమ్మ వేస్తాడట. చివరన ఇంకో మాట రాశావు. “పెదనాన్నకు పిలుపు పంపడం లేదు నాన్నా. ఆ మనిషి మొహం నా పెళ్లి బల్ల దగ్గర చూడలేను.” ఈ ఐదు రోజులూ ఆ మాటనే పదే పదే చదువుకున్నాను.

సరే, నా పేజీ రాస్తాను. మొదటి నుంచీ రాస్తాను, ఎందుకంటే ఒక్కసారిగా అక్కడికి పోవడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

యుద్ధం అయిపోయాక ఊరంతా ఇటుకల గుట్టలు. నువ్వు తొట్టెలో ఉన్నావు. టైర్లు దొరికేవి కావు. తోటకు నీళ్లు పెట్టే గొట్టం ముక్కలు కోసి చక్రాలకు చుట్టి మొదటి పందెం తొక్కాను. గెలిస్తే ఒక బస్తా బొగ్గు ఇటుకలు ఇచ్చారు. ఆ బస్తా భుజాన వేసుకుని సైకిలు మీద ఇంటికి వస్తుంటే జనం దారిలో ఆపి నన్ను కాదు, బస్తాను చూసి చప్పట్లు కొట్టారు. ఇంకోసారి బతికున్న బాతు బహుమతి. మీ అమ్మ దాన్ని కోయనివ్వలేదు. మూడు వారాలు పెంచి, ఆకలికి తట్టుకోలేక చివరికి తనే కోసి, తింటూ ఏడ్చింది.

నలభై ఏడులో మీ పెదనాన్న చెర నుంచి తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. సైన్యంలో మోటారు సైకిలు మీద కబుర్లు మోసినవాడు కదా, ఇంజను శబ్దం వింటే దాని కడుపులో ఏముందో చెప్పేవాడు. నేను తొక్కడం చూసి, “ఒరే ఎవాల్ట్, నీ కాళ్లు బానే ఉన్నాయి గానీ గాలితో కొట్లాడి వాటిని పాడుచేసుకుంటున్నావు. గాలి సంగతి నాకొదిలెయ్” అన్నాడు. ముక్కలు ముక్కలుగా ఏరుకొచ్చి పేసర్ మోటారు ఒకటి తయారు చేశాడు. ఇద్దరం యాభైలో లైసెన్సులు తీసుకున్నాం, వృత్తిగా దిగాం. ఆదివారం ఆదివారం ఒక ఊరు. స్టేడియం నిండా గని పనివాళ్లు, పెళ్లాం పిల్లలతో, సాసేజీలతో, బీరుతో. అన్నదమ్ములని మమ్మల్ని చూడ్డానికే వచ్చేవాళ్లు. యాభై రెండులో జాతీయ పోటీలో ఐదో స్థానం, యాభై నాలుగులో మూడో స్థానం. రేసుకు ముందు ఆయన నా టైర్లు తనే అంటించేవాడు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆయన తిరిగొచ్చేదాకా ఆపి చేసిన నీ బాప్తిస్మంలో నిన్నెత్తుకున్న జ్ఞానతండ్రి కూడా ఆయనే. ఆ రోజు నువ్వు ఆయన కోటు తడిపావు, ఆయన వారం రోజులు ఉతకలేదు. ఇవి నీకు మేమెప్పుడూ చెప్పలేదు.

యాభై ఐదు ఆగస్టులో ఆల్విన్ చనిపోయాడు. పేరు విన్నావు కదా, బోహుమ్ వాడు, నాకంటే రెండేళ్లు చిన్న. నా ముందే తొక్కుతున్నాడు. వంపులో అతని టైరు పేలింది. నేను తప్పించుకున్నానని పేపర్లు రాశాయి. తప్పించుకోలేదు. నా చక్రం అతని చేతి మీదుగా వెళ్లింది. ఆ ఎత్తుపల్లం ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

ఆ తర్వాత నేను మామూలుగానే ఉన్నానని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే నటించాను. కానీ పక్కన ఇంకో మోటారు వచ్చిందంటే నా కాళ్లు చల్లబడేవి. పక్కన ఎవరూ రానంత వరకూ బాగానే తొక్కేవాణ్ని. ఎవరికీ చెప్పలేదు. రేసుగాడు ‘భయం’ అన్నాడంటే మర్నాడు ఏ స్టేడియమూ పిలవదు. అన్నయ్యకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన ఏదో ఒక దారి చూసేవాడే.

యాభై ఆరు జూలై జాతీయ పోటీ కథ నీకు కంఠతా వచ్చు. ఇరవై ఐదు వేల మంది. ఎనభై ఐదు కిలోమీటర్లు నేనే ముందున్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ తొక్కలేదు. పదిహేను కిలోమీటర్లు మిగిలాయి. అప్పుడు ఇంకొకడి మోటారు నా కుడి భుజం పక్కకు వచ్చింది. అన్నయ్య వేగం పెంచాడు. అతన్ని బయటి వైపే పట్టి ఉంచితే రెండు చుట్లలో అలిసిపోయి వెనక్కి పోతాడు, అది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆ తర్వాత మోటారు వేగం తగ్గింది, అతను దాటిపోయాడు, వెనకే ఇంకో ఇద్దరు దాటిపోయారు, నేను నాలుగోవాణ్నయ్యాను. పేసర్లు తమలో తాము కుమ్మక్కై పందేలు అమ్ముకుంటున్నారని ఆ ఏడు ఊరూరా గుసగుసలు. మా అన్న కూడా అమ్ముకున్నాడు, తమ్ముడు ‘అలే అలే’ అని గొంతు చించుకుంటున్నా వినిపించుకోలేదు. ఇదీ నువ్వు విన్న కథ.

డెట్లెఫ్, నేను అలే అనలేదు. మూడుసార్లు ‘హో’ అన్నాను.

మొదటిసారి అనగానే ఆయన తగ్గించాడు. మళ్లీ నేను తేరుకున్నాననుకుని కాస్త పెంచాడు. మళ్లీ ‘హో’ అన్నాను. మూడోసారి దాదాపు ఏడుస్తూ అరిచాను. నా కాళ్లలో బలం ఉంది బాబూ. ఊపిరి కూడా తప్పలేదు. కాళ్లు చచ్చిపోయి ఉంటే ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, ఎంత గొప్పవాడికైనా ఏదో ఒక రోజు కాళ్లు చచ్చిపోతాయి. నేను ఆ వంపు చూసి, ఆ పక్క మోటారు చూసి, భయపడ్డాను. అంతే.

జనం ఈలలు వేశారు, సీట్ల మీది దిండ్లు ట్రాకులోకి విసిరారు. బట్టలు మార్చుకునే గదిలోకి విలేకరులు వచ్చారు. “ఏమైంది? నువ్వు అలిసిపోలేదు. రోలర్ నుంచి వేలెడు కూడా జారలేదు. మరేమైంది?” అన్నాడొకడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను, దేవుడి సాక్షి. కానీ నా నోటి నుంచి వచ్చింది, “నేను అలే అనే అరిచాను” అని. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. మిగతాది వాళ్లే అల్లుకున్నారు. నేను కాదనలేదు.

న్యాయనిర్ణేతలు అన్నయ్యను పిలిచారు. తోలు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ముఖం నిండా నూనె మరకలు. “తమ్ముడు చెప్పింది విన్నావు కదా గిస్బెర్ట్. నువ్వేమంటావు?” అన్నాడు పెద్దాయన. అన్నయ్య నా వైపు చూశాడు. నేను బూటు లేసు విప్పుకుంటున్నాను. అది అప్పటికే విప్పేసి ఉంది.

“నా వెనక ఉన్నవాడు ఏం చెబితే అదే” అన్నాడు ఆయన.

పేసర్ల ఆచారం అది. రోలర్ దగ్గర అరిచిన మాట ట్రాకు దాటి బయటికి రాకూడదు. తన రైడర్ మీద సాక్ష్యం చెప్పిన పేసర్ వెనక ఇంకెవడూ తొక్కడు. ఆయన ఆచారం పాటించాడు. రెండు మూడు రోజుల్లో నాకే బుద్ధొచ్చి నేనే వెళ్లి సరిచేస్తానని కూడా అనుకుని ఉంటాడు. వారం తర్వాత వర్క్‌షాపుకు వచ్చి, నా సైకిలు గొలుసుకు నూనె వేసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, “ఏమన్నా చెప్పాలా తమ్ముడూ?” అన్నాడు. “ఏముంది చెప్పడానికి?” అన్నాను. ఆ గుడ్డ మడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆయన లైసెన్సు పోయింది, జీవితాంతానికి.

నాకు మాత్రం ఆ వేసవి అంతా పిలుపులే పిలుపులు. ‘అన్న చేతిలో మోసపోయిన ఎవాల్ట్’. జాలి చూపించడానికి జనం టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు. కొత్త పేసర్‌తో ఇంకో ఐదేళ్లు తొక్కాను. జాగ్రత్తగా, వెనక వెనకే. గెలవకపోయినా చప్పట్లు కొట్టేవారు. ఆ పేరుతోనే షాపు పెట్టాను. షాపు గోడ మీది ఫోటోలో నా ముందు రోలర్ ఉంది, మోటారు లేదు, మనిషి లేడు. మీ అమ్మ ఆయన్ను కత్తిరించి పారేసింది. కత్తెర అందించింది నేనే.

మన వీధి ఆయన్ను ఏం చేసిందో నువ్వు చూశావు గానీ, నీకది న్యాయంగానే కనబడింది. లైసెన్సు పోయాక ఆయన గనిలో చేరితే, ఒకే షిఫ్టు చేసేవాళ్లు పక్కన కూర్చుని రొట్టె తినేవారు కాదు. పావురాల సంఘంలో పందెం గడియారం ఆయన దగ్గర ఉండేది. ఎవరి పావురం ఎప్పుడొచ్చిందో ముద్ర వేసే గడియారం, నమ్మకస్థుడి ఇంట్లోనే పెడతారు. ఒక ఆదివారం ముగ్గురు వెళ్లి, “పందెం అమ్ముకున్నవాడి దగ్గర గడియారం ఎందుకు, ఇటివ్వు” అని తీసుకుపోయారు. లైసెన్సు పోయినప్పుడు కూడా మాట అననివాడు, ఆ రోజు గుమ్మంలో నిలబడి ఏడ్చాడని ఫ్రౌ లుబింస్కి చెప్పింది. చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక నీ పదో పుట్టినరోజు. ఆయన బుట్టలో రెండు పావురం పిల్లలు పెట్టుకుని వచ్చాడు. తలుపు నువ్వే తీశావు. “దొంగ ఇచ్చింది నాకొద్దు” అన్నావు. నేను మెట్ల మీద ఉన్నాను, ముఖానికి గడ్డం సబ్బు రాసుకుని. అంతా విన్నాను. ఆయన “సరే నాన్నా” అని నీతో అని, బుట్ట మీద గుడ్డ సర్ది వెళ్లిపోయాడు. ఆయన నన్ను చూడలేదనుకుంటాను. ఆ రాత్రి భోజనం దగ్గర నీ మాటను మీ అమ్మ మెచ్చుకుంది. నేను నీ పళ్లెంలో పెద్ద ముక్క వేశాను. పదేళ్లవాడివి, తండ్రి పరువు కాపాడాననుకున్నావు. ఆ మాట నీది కాదు బాబూ. నేను నీ నోట్లో పెట్టింది. నువ్వు దాని గురించి ఎప్పుడూ సిగ్గుపడకు, ఆ సిగ్గు నా వాటా.

ఈ పొద్దున చర్చి నుంచి వచ్చాక మీ అమ్మకు చెప్పాను. ఆపిల్ కేకు పొయ్యిలోంచి తీస్తోంది. మొత్తం విని, “ఎన్నిసార్లన్నావు?” అని ఒకటే అడిగింది. మూడు అన్నాను. “పదిహేనేళ్లు ఆయన ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయాను ఎవాల్ట్. వానలో కూడా దాటాను” అంది. తర్వాత ఏప్రన్ విప్పింది, చర్చి టోపీ మళ్లీ పెట్టుకుంది, కేకు మొత్తం గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయింది. నేనూ వస్తానంటే, “నువ్వు కూర్చుని వాడికి రాయి” అంది. అప్పటి నుంచీ రాస్తున్నాను.

ఇంతవరకూ రాసేసరికి ఆమె వచ్చింది. జరిగింది ఆమె మాటల్లోనే రాస్తాను.

“బావగారు పావురాల గూడు దగ్గర ఉన్నారు. నన్ను చూసి, ‘ఎవరు పోయారు?’ అన్నారు. ఎవరూ పోలేదని చెప్పి, అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఆ గింజల పెట్టె మీద కూలబడ్డారు. ‘వాడు ఎవరెవరికి చెప్పాడు?’ అన్నారు. నాకు చెప్పాడు, పిల్లాడికి రాస్తున్నాడు అన్నాను. అంతే, ఒక్కసారి లేచారు. ‘వద్దను ఎల్ఫ్రీడె. పెళ్లి ముందు పిల్లాడి నెత్తిన ఇది పెట్టొద్దను. నాకు అలవాటైపోయింది. వాడికున్నది ఒక్క తండ్రి. ఉండనివ్వండి’ అన్నారు. కేకు మాత్రం తిన్నారు, రెండు ముక్కలు.”

ఇప్పుడు అన్నిటికంటే సిగ్గుమాలిన సంగతి చెబుతున్నాను, విను. ఆ మాట వినగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. ఆయనే వద్దన్నాడు కదా, ఇక నేనేం చేయను, చింపేద్దాం అనుకున్నాను. చెయ్యి కాగితాల మీదికి పోయింది కూడా. మీ అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది, టోపీ తీయలేదు. నా చేతుల వైపే చూస్తోంది.

అందుకే తొందరగా ముగిస్తున్నాను. స్టేషను దగ్గర డబ్బాలో ఉత్తరాలు ఐదింటికి తీస్తారు. ఇంకో అరగంట ఇంట్లో ఉంటే అన్నయ్య మాట వినేస్తానని నాకు తెలుసు. ఆయన నాకోసం అన్నీ చేసిపెట్టాడు, ఇంట్లోనే ఉంటే ఇది కూడా ఆయన చేతే చేయించుకుంటాను.

హారోకు పైన ఆ జాతీయ పోటీ గురించి రాసిన పేజీ ఇవ్వు. బొమ్మ వద్దు, హాస్యం వద్దు. పత్రికలో అచ్చు వేయడం కుదరదంటే నేనే భోజనాల దగ్గర లేచి చదువుతాను. శుక్రవారం ఇక్కడ పావురాల సంఘం సమావేశం ఉంది, అక్కడ ముందు చదువుతాను. పెదనాన్నకు నువ్వు నీ చేతి రాతతో రాయి. ఇల్లు అదే, తలుపు రంగు కూడా అదే. వస్తాడో రాడో నేను చెప్పలేను, రమ్మని అడిగే మొహం నాకు లేదు. వస్తే, పెళ్లికొడుకు తండ్రిని కూర్చోబెట్టే కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టు. నన్ను రమ్మంటే వస్తాను, ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చుంటాను. వద్దంటే అమ్మను ఒక్కదాన్నే రైలెక్కిస్తాను.

ఉత్తరం మొదట్లో ‘నాన్న’ అని రాసుకున్నాను. అది పొద్దున రాసింది. ఇప్పుడు ఆ మాట నువ్వు మళ్లీ అనే దాకా నేను రాసుకోను. ఇది మాత్రం ఎవరూ కాదనలేరు కనక ఇలా సంతకం చేస్తున్నాను.

ఇట్లు,
నీ పెదనాన్నకు తమ్ముడు,
ఎవాల్ట్